మంచు కింది పురిటిగది

అమ్మాయ్,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేరాలో ధ్రువపు ఎలుగుబంటి కన్నీరు పెట్టుకుంది. రెండో పేరాలో భూమాత పెట్టుకుంది. మూడో పేరాలో నా వంతు కాబోలు, కానీ నాకు ఆవలింత వచ్చింది. కోప్పడకు. నీకు విషయం మీద ప్రేమ ఉందని తెలుస్తూనే ఉంది. విషయమే కనిపించలేదు.

"ధ్రువప్రాంతాల్లో చమురు తవ్వకాలు" అన్నావు. ఎక్కడమ్మా? అలాస్కా ఉత్తరపు అంచున ఆర్కిటిక్ నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్ ఉంది. 1960 నుంచీ రక్షిత ప్రాంతం. 1980లో దాన్ని విస్తరిస్తూ చట్టం చేసినవాళ్ళు, సముద్రతీరంలో 15 లక్షల ఎకరాల మైదానంలో చమురు తవ్వనివ్వాలా వద్దా అన్నది మాత్రం తేల్చకుండా వదిలేశారు. అప్పట్నుంచీ తగవంతా ఆ ముక్క మీదే. నువ్వు కూడా ఆ ముక్క దాటి పోకు.

ఇక నీ ఎలుగుబంటి. కడుపుతో ఉన్న ఆడ ఎలుగు చలికాలం మొదట్లో, గట్ల వారన పేరుకున్న మంచులో బొరియ తవ్వుకుని దూరుతుంది. నడి చలికాలంలో ఈనుతుంది. పుట్టిన కూన ముప్పావు కిలో కూడా తూగదు, కళ్ళు తెరవదు. మార్చి, ఏప్రిల్ దాకా తల్లి తిండి లేకుండా పాలిస్తూ అక్కడే పడి ఉంటుంది. చమురు వెతికేవాళ్ళు బరువైన బండ్లు దించేది కూడా ఆ నెలల్లోనే, నేల గట్టిగా గడ్డకట్టి ఉంటుంది కాబట్టి. ఆ బండ్లు నేలను అదరగొట్టి, లోపలి పొరల నుంచి తిరిగొచ్చే ప్రకంపనల్ని రికార్డు చేస్తాయి. 1984, 85 చలికాలాల్లో తిరిగిన బండ్ల జాడలు దశాబ్దాల తర్వాత కూడా ఆ టండ్రా మీద, అంటే చెట్లు మొలవని ఆ చలి నేల మీద, చెరిగిపోలేదు. ఇక ఆ బొరియలంటావా, పైనుంచి చూస్తే వట్టి మంచే. అదే అలాస్కా ఉత్తర తీరాన ప్రూడో బే చమురు క్షేత్రాల చుట్టుపక్కల, వేడిని పసిగట్టే కెమెరాలతో విమానాల్లోంచి వెతికితే సగం కూడా దొరకలేదని 2020లో ఒక అధ్యయనం తేల్చింది.

దొరకని ఆ పురిటిగదుల్లో ఒక్కదాన్ని రాయి. పైన బండి వస్తోంది, లోపల కూన పాలు తాగుతోంది. అంతే. ఎవరినీ ఏడిపించకు.

నాదీ నీ బాపతే. 1995లో కోనసీమలో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండినప్పుడు నేనూ ఓ వ్యాసం రాసి పడేశాను. నిండా అగ్నికీలలూ ప్రళయమూ. ఎడిటర్ గారు వెనక్కి పంపుతూ పెన్సిల్‌తో ఒక్క ముక్క రాశారు: "కొబ్బరాకులు ఏ రంగుకి తిరిగాయి?" నేను వెళ్ళి చూస్తేగా!

ఇంకో మాట. నీ వ్యాసంలో మనుషుల్లేరు. పోర్క్యుపైన్ మంద అని పిలిచే లక్షకు పైగా కారిబూలు, అంటే చలిప్రాంతపు జింకలు, ఈనడానికి వచ్చేది ఆ మైదానానికే. వాటి మీద బతికే గ్విచిన్ ఆదివాసులు దాన్ని జీవం మొదలయ్యే పవిత్ర స్థలం అంటారు. అదే తీరాన కక్టోవిక్ అనే ఊళ్ళో ఇనుపియాట్ ఆదివాసులు చాలామంది తవ్వకాలు కావాలనే అంటారు. బడి, ఆసుపత్రి, కుళాయి నీళ్ళు అన్నీ చమురు పన్నులతోనే వచ్చాయి మరి. నేను తవ్వకం వద్దనేవాణ్ణే. అయినా ఆ కుళాయి మాట దగ్గర నాకు నోరు పెగలదు. నీ వ్యాసం కూడా అక్కడ కాసేపు తడబడనీ. వాళ్ళని విలన్లను చేస్తే మాత్రం నేను చదవను.

డబ్బు సంగతి రెండు వాక్యాల్లో తేల్చెయ్. 2021 జనవరిలో ఆ మైదానంలో తవ్వకం హక్కులకు మొదటి వేలం పెడితే పెద్ద కంపెనీలు మొహం చాటేశాయి, ఎక్కువ భాగం అలాస్కా ప్రభుత్వ సంస్థే పాడుకుంది. 2025 జనవరి వేలానికి ఒక్కరూ రాలేదు, అయినా ఇంకో నాలుగు వేలాలు పెట్టి తీరాలని అదే ఏడాది చట్టం చేశారు.

తిరగరాసి పంపు. "ప్రకృతి" అన్న మాట పద్నాలుగుసార్లు వాడావు, లెక్కపెట్టాను. ఈసారికి రెండు ఇస్తున్నాను, పొదుపుగా వాడుకో.

ఆశీస్సులతో,
మీ మాస్టారు