ముఖానికంటూ ఒక చెంబు నీళ్లు పక్కన పెట్టండి

నీళ్లు దూరం నుంచి మోసుకొస్తున్నామని, నాలుగేళ్ల పాపకు మాటిమాటికీ కళ్లు పుసులు కడుతున్నాయని, ఇంట్లోకి కుళాయి వచ్చేదాకా ఇది తగ్గదా అని అడిగారు. మీ అత్తగారికి కంట్లో ఎప్పుడూ నలుసు పడ్డట్టే ఉంటోందనీ రాశారు. కుళాయి కోసం ఆగక్కర్లేదండి.

మా అబ్బాయికి మూడో ఏట ఇదే బాధ. పొద్దున్నే రెప్పలు అతుక్కుపోయి, ఏడుస్తూ వేళ్లతో విడదీసుకునేవాడు. కంటి మూలల్లో ఈగలు వాలినా తోలుకునేవాడు కాదు, అంతగా అలవాటైపోయింది. చుక్కలు వేస్తే తగ్గేది, మళ్లీ వచ్చేది. చివరికి ఒక డాక్టరుగారు పైరెప్ప తిరగేసి చూసి, ట్రకోమా అన్నారు. ఇది బాక్టీరియా వల్ల వస్తుంది. వేళ్లు, తువ్వాళ్లు, ఈగలు దాన్ని ఒక కంటి నుంచి ఇంకో కంటికి చేరవేస్తాయి.

అక్కడి నర్సుగారు అడిగిన ప్రశ్న నేను మర్చిపోలేను: "తెచ్చే నీళ్లలో బాబు ముఖానికి ఎన్ని?" నా దగ్గర జవాబు లేదు. తాగడానికి, వంటకు, గిన్నెలకు పోగా మిగిలితేనే ముఖం. ఆవిడ ఒక్క గ్లాసుడు నీళ్లతో వాడి ముఖం, ముక్కు, కంటి మూలలు శుభ్రంగా కడిగి చూపించారు. గ్లాసులో ఇంకా కొన్ని మిగిలాయి కూడా! ఆ రోజు నుంచి బిందె దించగానే ముందు ఒక చెంబు పక్కన పెట్టేదాన్ని. అందరం తుడుచుకునే ఒకే తువ్వాలు తీసేసి, వాడికి వేరే గుడ్డ ఇచ్చాను.

ఒక్క పిల్లకే మందు వేస్తే మాత్రం లాభం లేదు. మా పెద్దదానికి పైకి ఏమీ కనిపించకపోయినా దాని రెప్ప కిందా ఉంది. డాక్టరుగారు ఇంటిల్లిపాదికీ అజిత్రోమైసిన్ అనే, బాక్టీరియాను చంపే మందు ఇచ్చారు, పిల్లలకు బరువును బట్టి. ఇంట్లో మిగిలిపోయిన చుక్కలు మాత్రం వేయకండి. పుసులన్నీ ట్రకోమా కావు, రెప్ప తిరగేసి చూస్తేనే తెలుస్తుంది. ఇంకొకటి, ఈ ఈగలు ఎక్కువగా ఆరుబయట పడి ఉన్న మలంలోనే గుడ్లు పెడతాయి. అందుకే పసిపిల్లల మలాన్ని కూడా మరుగుదొడ్డిలోనే వేయాలి.

పాపను డాక్టరుకు చూపించేటప్పుడు అత్తగారిని కూడా వెంట తీసుకెళ్లండి. చిన్నప్పుడు పదేపదే ఈ జబ్బు సోకితే రెప్ప లోపల మచ్చ కట్టి, పెద్దయ్యాక వెంట్రుకలు లోపలికి తిరిగి నల్లగుడ్డును గీరుతాయి. పిల్లల్ని దగ్గరుండి చూసుకునేది ఆడవాళ్లే కాబట్టి వాళ్లలోనే ఇది ఎక్కువ. చూపు పోకముందే చిన్న ఆపరేషన్‌తో రెప్పను సరిచేస్తారు.