కెపిలరీ ఎలక్ట్రోఫోరెసిస్‌లో కెమిల్యూమినిసెన్స్ పీకులు వెడల్పైపోతుంటే

కెపిలరీ ఎలక్ట్రోఫోరెసిస్‌లో, అంటే కెపిలరీ అనే సన్నని గొట్టంలో కరెంటుతో పదార్థాల్ని విడదీసేటప్పుడు, యూవీ డిటెక్టర్‌లో సన్నగా వచ్చే పీకులే లూమినాల్–హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కెమిల్యూమినిసెన్స్ (రసాయన చర్యలో పుట్టే వెలుగు) కొలిస్తే తోకలు సాగి వస్తున్నాయని, బేస్‌లైన్ (పీకుల అడుగున ఉండే గీత) కూడా ఎగిరిపడుతోందని మీరు రాశారు. యూవీలో బాగున్నాయంటే సెపరేషన్‌ని అనుమానించక్కర్లేదు. తేడా ఎక్కువగా కెపిలరీ కొస దగ్గర, రియేజెంట్ (వెలుగు పుట్టించే పెరాక్సైడ్ ద్రావణం) కలిసే చోటే ఉంటుంది.

ఆ కొసను మైక్రోస్కోప్ కింద పెట్టి చూడండి. అంచు పెచ్చు ఊడినా, ఏటవాలుగా తెగినా బయటికొచ్చే ద్రవం ఒక పక్కకే పోయి సరిగా కలవదు. మళ్లీ కోయండి. కొసన ఒకటి రెండు మిల్లీమీటర్లు పైనుండే పాలిఇమైడ్ (ఒక రకం ప్లాస్టిక్) పూత తీసేస్తే ఇంకా మంచిది. కొస చుట్టూ ఉండే రియాక్షన్ ట్యూబ్ మరీ వదులుగా ఉన్నా బ్యాండ్ (విడిపోయి వచ్చే పదార్థపు పట్టీ) పరుచుకుపోతుంది. వెలుగు కొస దాటగానే పుడుతుంది కాబట్టి ఫొటోమల్టిప్లయర్‌ని (వెలుగును కొలిచే పరికరాన్ని) సరిగ్గా అక్కడికే గురిపెట్టాలి.

బేస్‌లైన్ సంగతికొస్తే, నేనైతే ముందు బుడగల్నే అనుమానిస్తాను. క్షార ద్రావణంలో పెరాక్సైడ్ విడిపోయి ఆక్సిజన్ వదులుతుంది. అందుకే లూమినాల్‌ని రన్నింగ్ బఫర్‌లో (కెపిలరీలో నింపే ద్రావణంలో) వేసి, పెరాక్సైడ్‌ని విడిగా, ఏ రోజుకారోజు తాజాగా కలిపి పంపండి. పెరిస్టాల్టిక్ పంపు (గొట్టాన్ని నొక్కుతూ ద్రవాన్ని తోసేది) వాడుతుంటే దాని అదురు కూడా సిగ్నల్‌లో కనిపిస్తుంది. సీసా కాస్త ఎత్తులో పెట్టి గ్రావిటీతో వదిలితే చాలు. గ్రౌండ్ ఎలక్ట్రోడ్ డిటెక్షన్ చోటు దాటాకే ఉండాలి.

కోబాల్ట్, రాగి అయాన్లు లేశమాత్రం ఉన్నా బ్యాక్‌గ్రౌండ్ పెరుగుతుంది, గాజుసామాను ఆమ్లంతో కడగండి. ఇంతకీ మీరు కొలుస్తున్నది లోహ అయాన్లనా, అమైనో ఆమ్లాలనా? అది చెబితే పీహెచ్ గురించి మాట్లాడుకోవచ్చు.