డయాలసిస్ ఫ్రీయే, ఆటో కిరాయి ఎవరిస్తారు?

ప్రశ్న: మాది పి.గన్నవరం దగ్గర గోదావరి లంక. మా మావయ్యగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. వైద్యం ఎన్టీఆర్ వైద్యసేవలో ఫ్రీగానే జరుగుతోంది కానీ రేవు దాటడానికి, ఆటోకి, వెంట వెళ్లినవాళ్ల కూలి పోవడానికే అప్పులవుతున్నాయి. అమెరికాలో ఇన్సూరెన్సు వాళ్లే ఊళ్లో సంస్థల చేత పేషెంట్లకి సరుకులు పంపిస్తారట, మా తోటికోడలి చెల్లెలు చెప్పింది. నిజమేనా? మా డ్వాక్రా గ్రూపు అలాంటిది చేయగలదా?

జవాబు: నిజమేనమ్మా. నార్త్ కరోలినా రాష్ట్రంలో 2022లో మొదలుపెట్టారు. ఊళ్లోని సంస్థలు పేద రోగుల ఇళ్లకి సరుకుల పెట్టెలు చేర్చేవి, ఆస్పత్రికి బండి ఏర్పాటు చేసేవి, ఆ బిల్లు పేదల బీమా అయిన మెడికెయిడ్ ప్లాన్లు కట్టేవి. తిండి సరిగ్గా లేని మనిషి ఎన్ని మందులు మింగినా మళ్లీ ఎమర్జెన్సీకే వస్తాడు, ఆ ఖర్చూ బీమా మీదే పడుతుంది కదా, అదీ వాళ్ల లెక్క. వైద్యం ఖర్చు తగ్గిందని కూడా తేలింది. అయినా నిధులివ్వక 2025 జులైలో ఆపేశారు, చాలా బాధనిపించింది.

మీ గ్రూపుకి బీమా డబ్బు వస్తుందని నేను ఆశపెట్టను. ముందు ఒకటి చూడండి, డయాలసిస్ వాళ్లకి నెలకి 10,000 రూపాయల పింఛను ఉంది. మావయ్యగారికి రాకపోతే రేపే సచివాలయానికి వెళ్లండి.

తర్వాత మీ చుట్టుపక్కల లంకల్లో డయాలసిస్ వాళ్లు ఎంతమందో ఆశా కార్యకర్తతో కలిసి రాసుకుని, ఆ కాగితం పట్టుకుని ఆస్పత్రిలో వైద్యసేవ పనులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లి, వీళ్లందరికీ ఒకే రోజు ఒకే షిఫ్టు ఇప్పించమని గట్టిగా అడగండి. నలుగురికి ఒకే ఆటో సరిపోతుంది, మనుషులు కదలగలిగితే నలుగురికీ కలిపి వెంట ఒక్కరు చాలు, గ్రూపులో వంతులేసుకోవచ్చు. ఒక్కో ఇంటికి వారానికి రెండు రోజుల కూలైనా మిగులుతుంది. వరదల్లో మాత్రం ఆలస్యం చేయొద్దు, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి 11.75 అడుగులకి చేరి మొదటి హెచ్చరిక ఇవ్వగానే పేషెంట్లని రేవు ఇవతలకి, చుట్టాలింటికైనా సరే, దాటించేయండి. ఒక్క డయాలసిస్ తప్పినా ఒంట్లో నీరు చేరి ఊపిరాడకపోవచ్చు.

ఇంకో మాట. పరామర్శకి కొబ్బరి బొండాలు, అరటిపళ్లు పట్టుకెళ్లడం మన కోనసీమలో మర్యాద. కిడ్నీలు పనిచేయనివాళ్లకి వాటిలో ఉండే పొటాషియం గుండె మీదికి వస్తుంది. వచ్చినవాళ్లని బొండాం బదులు ఆటోకి ఓ వంద చేతిలో పెట్టమనండి.