నెక్రోముండా పాతది కొనాలా, కొత్తదా?

అడిగిన ప్రశ్న ఇది: "ఒక స్నేహితుడు 1995 నాటి నెక్రోముండా పెట్టె అమ్ముతానంటున్నాడు. షాపులో కొత్త ఎడిషన్ ఉంది. రెండింటికీ తేడా ఏంటి, ఏది తీసుకోవాలి?"

ఆ పాత పెట్టెలో అట్టముక్కలు తడిసి ఉబ్బిపోకుండా ఉంటే కళ్ళు మూసుకుని అదే తీసుకోండి. మిగతాదంతా ఓపిక ఉంటే చదవండి.

నెక్రోముండా అంటే బల్ల మీద చిన్న బొమ్మలతో, పాచికలతో ఆడే గ్యాంగుల కొట్లాట. నేను ఈ ఆట నేర్చుకున్నది నాటింగ్‌హామ్‌లో, ఉద్యోగానికి వెళ్ళినప్పుడు. దీన్ని తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ళ హెడ్డాఫీసు ఉన్న ఊరది. మా ఆఫీసులో ఎవరిని కదిపినా ఇంట్లో అటక మీద ఇలాంటిదో పెట్టె ఉందనేవాడు. మా టీమ్‌లో యాభై దాటిన ఒకాయన 1995లోనే కొన్న సెట్టు ఇంకా దాచుకున్నాడు. గోలియత్, ఓర్లాక్ అనే రెండు గ్యాంగుల బొమ్మలకి వేసిన రంగులు సగం రాలిపోయాయి. గురువారం సాయంత్రాలు ఆయన ఇంట్లో ఆడేవాళ్ళం. నేను ఓర్లాక్, ఆయన గోలియత్. అదే రోజుల్లో నా రూమ్మేట్ (గుంటూరు కుర్రాడు, ఏదైనా కొత్తగా వచ్చిందంటే ఆగలేడు) 2017లో వచ్చిన పెట్టె కొన్నాడు. ఎషర్ అనే ఇంకో గ్యాంగ్‌వి పది, గోలియత్ పది, మొత్తం ఇరవై బొమ్మలు. వాటిని అతికిస్తూ వేళ్ళకి సూపర్ గ్లూ అంటించుకుని, ఆ చేత్తోనే అన్నం కలుపుకోబోయాడు. అలా వారంలో ఒకరోజు పాతదీ ఒకరోజు కొత్తదీ ఆడిన అనుభవం నాది.

ముందు కొత్తదాన్ని పొగిడేస్తాను, పని అయిపోతుంది. పాతదాంట్లో ఒకడి టర్న్ వస్తే వాడి గ్యాంగ్ మొత్తం కదిలి, మొత్తం కాల్చి, చేతిపోట్లు కూడా ముగిశాకే మన వంతు. అష్టాచమ్మాలో అవతలివాడికి వరసపెట్టి పందేలు పడుతుంటే మనం కాయలు పట్టుకుని దిక్కులు చూసినట్టుంటుంది. ఆయన టర్న్‌లో నేను టీ పెట్టి, వడకట్టి, తెచ్చేవాణ్ణి. కొత్తదాంట్లో నీదొక మనిషి, నాదొక మనిషి, ఒక్కొక్కరికి రెండేసి పనులు. ఫోను చూసుకునే తీరిక ఉండదు. చేతిపోట్లు కూడా అంతే. పాతదాంట్లో ఇద్దరూ పాచికలు వేసి, అందులో పెద్దది చూసి, దానికి నైపుణ్యం అంకె కలిపి, ఆరులు పడితే ఇంకొకటి కలిపి, ఎదుటివాడికి పడ్డ ఒకట్లు కూడా మనకే కలుపుకుని, చివరికి తేడా ఎంతో అన్ని దెబ్బలు. మూడో పోటుకే కాలిక్యులేటర్ అడిగేవాణ్ణి. కొత్తదాంట్లో ఇంత పడితే తగిలింది, లేకపోతే లేదు. ఈ రెండు విషయాల్లో కొత్తదే మేలు, వాదించను.

కానీ ఆ ఒక్క గురువారం సంగతి చెప్పాలి.

ఆయన దగ్గర ఒక హెవీ, అంటే పెద్ద తుపాకీ మోసేవాడు, ఉండేవాడు. మనిషికి 60 క్రెడిట్లు (ఆటలో డబ్బు), వాడి చేతిలో హెవీ స్టబ్బర్ అనే తుపాకీకి 120, మొత్తం 180. మొదలుపెట్టేటప్పుడు గ్యాంగ్ మొత్తానికి ఇచ్చేది 1000 అయితే అందులో 180 ఒక్కడి మీదే పెట్టాడు. వాణ్ణి తీసుకెళ్ళి ఎత్తైన వంతెన అంచున, సందు మొత్తం కనిపించేలా ఓవర్‌వాచ్‌లో నిలబెట్టాడు. అంటే తన టర్న్‌లో కాల్చకుండా ఆగి, నా టర్న్‌లో ఎవడు తల బయటపెడితే వాణ్ణి కాలుస్తాడన్నమాట. నా దగ్గర చిట్టిగాడని ఒక జూవ్ ఉన్నాడు. 25 క్రెడిట్ల పిల్లాడు, 10 క్రెడిట్ల స్టబ్ గన్. వాణ్ణి ఒక పీపా వెనక దాచాను. పాత రూల్స్‌లో అడ్డు వెనక దాక్కున్నవాణ్ణి కాల్చడం కుదరదు. రెండు టర్న్‌లు వాడు అక్కడే నక్కి కూర్చున్నాడు, నేను మాత్రం గోళ్ళు కొరుక్కుంటున్నాను. మూడో టర్న్‌లో మా నాయకుణ్ణి కావాలనే సందు అడ్డంగా పరిగెత్తించాను. ఆయన ఆశపడి కాల్చేశాడు. తగల్లేదు. ఓవర్‌వాచ్ ఖర్చయిపోయింది.

చిట్టిగాడు లేచి కాల్చాడు. వాడి గురికి కనీసం 5 పడాలి. పడింది. గాయం అవ్వాలంటే కనీసం 4 పడాలి, 2 పడింది. ఆయన నవ్వాడు. కానీ గాయం కాకపోయినా తూటా తగిలినవాడు పిన్ అవుతాడు, అంటే నేలకి కరుచుకుపోతాడు, అంచుకి అంగుళంలోపు ఉంటే పడకుండా ఆగడానికి పాచిక వెయ్యాలి. 3 గానీ అంతకన్నా తక్కువ గానీ రావాలి. ఆయన వేశాడు, 5. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత ఆయనే ఆ బొమ్మని రెండు వేళ్ళతో పట్టుకుని, వంతెన మీంచి నెమ్మదిగా కిందికి దించాడు, శవాన్ని దించినట్టు. పడ్డ దెబ్బకి గాయమైంది, గాయానికి వేసిన పాచిక 6, ఆట నుంచి అవుట్. ముప్ఫై అయిదు క్రెడిట్లు నూట ఎనభైని పడగొట్టాయి.

అసలు మజా ఆట అయ్యాకే. పెద్ద గాయాల పట్టికలో పదుల స్థానానికొక పాచిక, ఒకట్ల స్థానానికొకటి వేస్తాం. 11 నుంచి 16 దాకా చావు. 26 పడింది. ఒక కన్ను పోయింది, గురి ఒకటి తగ్గింది. నూట ఇరవై క్రెడిట్ల తుపాకీ, ఒంటికన్ను మనిషి.

కొత్తదాంట్లో ఇది జరగదా అంటే, అంచున ఉన్నవాడు పడటం అందులోనూ ఉంది, గాయాల పట్టికా ఉంది. కానీ ఓవర్‌వాచ్ అందరి సొత్తూ కాదు, విడిగా నేర్చుకోవాల్సిన నైపుణ్యం. పైగా నేనొకణ్ణి కదిపిన వెంటనే ఆయన ఇంకొకణ్ణి కదుపుతాడు కాబట్టి ఆ రెండు టర్న్‌ల నక్కడం, ఆ ఆశ పెట్టడం, ఆ టెన్షన్ రావు. పిన్ అయినా ఒక పని ఖర్చుపెట్టి లేచి నిలబడితే చాలు. పాతదాంట్లో పిన్ అయితే పక్కన మనవాడుండి పాచిక కలిసొస్తే తప్ప ఆ టర్న్ పోయినట్టే. ఒక తూటాకి అంత విలువ ఉండేది.

మా తాతయ్యకి పద్దుల పుస్తకం ఉండేది, పాత నెక్రోముండా అంటే నాకు అదే గుర్తొస్తుంది. మొదట్లో ఐదు స్థలాలు. దెబ్బలు తిని పడిపోని గ్యాంగర్లు (గ్యాంగ్‌లో మామూలు మనుషులు) వెళ్ళి ఒక్కొక్కరు ఒక్కో చోట డబ్బు వసూలు చేస్తారు. స్లాగ్ గుట్టకి 15, పాత శిథిలాలకి 10. జూవ్‌లు పిల్లలు కాబట్టి వెళ్ళరు, హెవీలూ వెళ్ళరు. వచ్చిందంతా కలిపి ఒక పట్టికలో చూస్తే, గ్యాంగ్ ఎంత పెద్దదైతే చేతికి మిగిలేది అంత తక్కువ, తినే నోళ్ళు ఎక్కువ కదా. తనకన్నా పెద్ద గ్యాంగ్‌ని గెలిస్తే పైన బోనస్. ఓడిపోతున్నవాడు ఇంటికి పోకుండా వచ్చే గురువారం మళ్ళీ రావడానికి ఇంతకన్నా మంచి ఉపాయం ఏ ఆటలోనూ చూడలేదు. ఇది రాసినవాడు తప్పకుండా అప్పులున్న ఇంట్లో పుట్టి ఉంటాడని నా నమ్మకం.

ఇంకొకటి, పుస్తకాల గొడవ. పాత పెట్టెలో రెండు పుస్తకాలు, ఆరు హౌస్‌లూ (గోలియత్, ఓర్లాక్ లాంటి వంశాలు) అందులోనే. ఆరుగురికీ ఒకే అంకెలు, నేర్చుకునే నైపుణ్యాల్లోనే తేడా. చప్పగా ఉందంటారు కొందరు. ఉండనివ్వండి. 2017 పెట్టె తెరిచి మా రూమ్మేట్ "క్యాంపెయిన్ రూల్స్ ఏవి?" అని (ఒక ఆట ఫలితం తర్వాతి ఆటకి సాగే రూల్స్) వెతికితే లేవు, గ్యాంగ్ వార్ అని విడిగా కొనాలి. పెట్టెలో ఉన్నవి నేల మీద పరిచే పలకలు, ఎత్తుల మీద ఆడే రూల్స్ కూడా ఆ పుస్తకంలోనే. అది కొన్నాడు. 2018లో అన్నీ కలిపి మళ్ళీ వేశారు. తర్వాత హౌస్‌కొక పుస్తకం, గోలియత్‌కి హౌస్ ఆఫ్ చెయిన్స్, ఎషర్‌కి హౌస్ ఆఫ్ బ్లేడ్స్. 2023లో మళ్ళీ కొత్త రూల్‌బుక్. ఇండియాకి తిరిగొచ్చేటప్పుడు వాడి సూట్‌కేసు బరువెక్కువైంది పచ్చళ్ళ వల్ల కాదు, వీటి వల్ల. "బొమ్మలాటకి ఇన్ని పుస్తకాలేంట్రా, ఐఏఎస్‌కి చదువుతున్నావా" అని వాళ్ళమ్మ అడిగిందట.

కాబట్టి మీ చుట్టుపక్కల ఆడేవాళ్ళందరూ కొత్తది ఆడుతుంటే గత్యంతరం లేదు, కొత్తదే కొనండి. లేదూ, ప్రతి వారం వచ్చే ఒక్క మనిషి దొరికితే పాతది. ఆ ఒక్క మనిషి దొరకడమే కష్టం.

మా క్యాంపెయిన్‌లో ఆయన ఆ హెవీని అమ్మలేదు, మార్చలేదు. పై గురువారానికల్లా బొమ్మ కంటి మీద నల్లరంగుతో చిన్న గుడ్డపట్టీ గీసుకొచ్చాడు. నేను వచ్చేసేదాకా వాడు వంతెన మీదే నిలబడ్డాడు, ఈసారి అంచుకి రెండంగుళాల లోపలికి. చిట్టిగాడికి మాత్రం అనుభవం 21 దాటి జూవ్ నుంచి గ్యాంగర్ అయ్యాడు. అయిన మొదటి వారమే స్లాగ్ గుట్ట మీదికి పంపాను, పదిహేను క్రెడిట్లు తెచ్చాడు.