కీలు దాచే పని

చిరంజీవి కీర్తికి,
మావయ్య ఆశీస్సులు.

కొత్త ఆఫీసులో వెబ్‌సైటు అసలుదేనని రుజువు చేసే సర్టిఫికెట్ల పని నీకే అప్పజెప్పారని అమ్మ చెప్పింది. సంతోషం తల్లీ. ముందు నేను తిన్న దెబ్బ చెబుతాను.

ఒక క్లయింటు పనిలో సర్వర్ ప్రైవేట్ కీ (సర్టిఫికెట్‌కి జతగా ఉండే రహస్య తాళంచెవి) ఫైలు నా చేతి మీదుగా, కోడ్ మార్పుల చరిత్రంతా దాచే గిట్‌లో కమిట్ అయిపోయింది. మర్నాడు చూసుకుని, ఫైలు డిలీట్ చేసి ఇంకో కమిట్ పెట్టి ఊపిరి పీల్చుకున్నాను. కానీ పాత కమిట్లు ఎక్కడికీ పోవు. రెపోని, అంటే ఆ కోడ్ ఖజానాని, క్లోన్ (నకలు) చేసుకున్న ప్రతివాళ్ల దగ్గరా ఆ కీ ఉండిపోయింది. నెలల తర్వాత ఒక కుర్రాడు చూపించేదాకా నాకు తట్టనేలేదు. అందుకే కీ బయటపడిందని అనుమానం వచ్చినా సరే, చెరిపే పని తర్వాత పెట్టుకో. ముందు కొత్త కీ, కొత్త సర్టిఫికెట్ సర్వర్లో పెట్టి పాతదాన్ని రివోక్, అంటే రద్దు, చేయించు. తప్పెవరిదన్న పంచాయితీ ఆ రాత్రి వద్దు. యాప్‌ని పొరలు పొరలుగా (లేయర్లుగా) కట్టే డాకర్ ఇమేజిలోనూ అంతే, కింది లేయర్‌లో కాపీ చేసిన కీని పై లేయర్‌లో తీసేసినా కిందది అలాగే ఉంటుంది.

సర్టిఫికెట్ నలుగురికీ చూపించేదే, దాయాల్సింది ప్రైవేట్ కీ. పీఎఫ్ఎక్స్ ఫైల్లో మాత్రం సాధారణంగా రెండూ కలిసే ఉంటాయి. ఎంత తొందరున్నా దాన్ని మెయిల్లో పంపకు.

కీ ఫైలుకి 600 పర్మిషన్ (ఫైలు యజమాని తప్ప మామూలు యూజర్లెవరూ చదవలేనిది) పెట్టడం, యాప్‌కి వేరే యూజర్ ఇవ్వడం తప్పనిసరి. అయినా యాప్ నడిచేటప్పుడు కీ మెమరీలోకి రావాల్సిందే. 2014లో ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ అయిన ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం ఒక్కో రిక్వెస్టుకి 64 కేబీ దాకా సర్వర్ మెమరీని బయటికి పోసింది. ప్రైవేట్ కీలు కూడా అలా దొరికాయి. అందుకని విలువైన కీలను, కీలు దాచే ప్రత్యేక పరికరమైన హెచ్ఎస్ఎమ్‌లోనో, క్లౌడ్‌లో కీలు చూసుకునే సేవ కేఎమ్ఎస్‌లోనో పుట్టించి అక్కడే ఉంచమని పట్టుబట్టు. యాప్ డిజిటల్ సంతకం అడుగుతుంది, కీ మాత్రం గడప దాటదు. ఖర్చని గొణుగుతారు, వెనక్కి తగ్గకు.

ఫోన్ యాప్ సంగతీ ఇదే. కోడ్‌లో రాసిన కీని ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైలు) విప్పి ఎవరైనా చదవగలరు. ఎవరైనా తిరిగి మార్చేసుకోగల బేస్64 రూపంలో రాస్తే దాచినట్టు కాదమ్మా! ఆండ్రాయిడ్‌లో కీస్టోర్, ఐఫోన్‌లో కీచైన్, సెక్యూర్ ఎన్‌క్లేవ్ ఉన్నది అందుకే.

గడువుల మాట. వెబ్ సర్టిఫికెట్‌కి ఇదివరకు గరిష్ఠంగా 398 రోజులు. 2026 మార్చి 15 నుంచి 200, 2027 మార్చి 15 నుంచి 100, 2029 మార్చి 15 నుంచి 47 రోజులే. క్యాలెండర్లో రాసుకుని చేతితో మార్చే రోజులు పోయాయి, రెన్యువల్ ఆటోమేట్ చెయ్యి.

రేపు ఆఫీసుకి వెళ్లగానే రెపో చరిత్ర మొత్తంలో ‘ప్రైవేట్ కీ’ అన్న ఇంగ్లీషు మాట కోసం వెతుకు. దొరికితే నాకు కాదు, వెంటనే మీ మేనేజరుకి చెప్పు.

మీ మావయ్య