గొంతు, ఈఈజీ, ఏఐ: పేరు చూసి కోర్సులో చేర్చకండి

ఒక అమ్మ రాశారు: "వైరల్ జ్వరాల తర్వాత మెదడుకు వచ్చే సమస్యల్ని మాట తీరు, ఈఈజీ (తల మీద తీగలు పెట్టి మెదడు విద్యుత్ అలల్ని నమోదు చేసే పరీక్ష) చూసి ఏఐతో ముందే పట్టే పని చేస్తానంటోంది మా అమ్మాయి. తమ్ముడికి మెదడువాపు వచ్చినప్పటి నుంచి ఇదే పిచ్చి. మెడిసిన్, బయోమెడికల్, ఏఐ కోర్సు, వీటిలో ఏది మేలు? ఉద్యోగం రాదేమోనని టెన్షన్."

అమ్మా, ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుంది, కోర్సు పేరే మారుతుంటుంది. పిల్ల ఇరుకు సందులోకి వెళ్లి వెనక్కి రాలేకపోతుందేమోనన్నదే మీ అసలు భయం. పునాది చదువు గట్టిగా ఉంటే అలా జరగదు. సిగ్నల్ ప్రాసెసింగ్, అంటే ఇలాంటి సంకేతాల్లోంచి పనికొచ్చేది వేరుచేసే విద్య, బాగా వచ్చినవాళ్లకు గుండె, వినికిడి, నిద్ర, ఇలా ఎన్నో రంగాల్లో పని ఉంటుంది.

ఈ రంగం ఉత్త మాట కాదు. తట్టు సోకిన కొన్నేళ్లకు అరుదుగా ఎస్‌ఎస్‌పీఈ అనే మెదడు జబ్బు వస్తుంది. అందులో ఈఈజీ మీద కొన్ని సెకన్లకోసారి ఒకేలాంటి పెద్ద అలలు కనిపిస్తాయి, నిర్ధారణకు డాక్టర్లు వాటినీ చూస్తారు. హెర్పిస్ వైరస్ వల్ల వచ్చే మెదడువాపు కణతల వైపు భాగాన్ని దెబ్బతీస్తే, ఎదురుగా ఉన్న గ్లాసు పేరు కూడా నోటికి రాక తడుముకునేవాళ్లుంటారు.

నా అనుమానమల్లా ఏఐ మోజు మీదే. తల మీద దొరికే సంకేతం వోల్టులో కొన్ని లక్షవ వంతులే ఉంటుంది, కనురెప్ప కొడితే వచ్చే అల దానికంటే పెద్దది. అలలు నెమ్మదించాయంటే మెదడు దెబ్బతిన్నట్టేనా అంటే కాదు, కునుకు పట్టినా, మత్తుమందు ఇచ్చినా నెమ్మదిస్తాయి. గొంతు సంగతి ఇంకా చిక్కు. జ్వరం తగ్గినా బొంగురు, నీరసం ఉంటాయి కదా, యంత్రం మెదడును వదిలేసి ఆ బొంగురునే నేర్చుకోవచ్చు. రోగుల గొంతు వార్డులో, ఆరోగ్యవంతులది నిశ్శబ్దమైన గదిలో రికార్డు చేస్తే అది గదుల తేడానే పట్టుకుంటుంది. ఒకే మనిషి రికార్డింగులు యంత్రానికి ఇచ్చే శిక్షణలోనూ, దానికి పెట్టే పరీక్షలోనూ ఉంటే కచ్చితత్వం కళ్లు చెదిరే శాతాల్లో వస్తుంది, బ్రోషర్లలో అవే అచ్చవుతాయి.

రోగి పక్కన నిలబడి నిర్ణయం తీసుకోవాలనుంటే మెడిసిన్, ఓపికగా చాలా ఏళ్లు చదవాలి. లెక్కలు, పరికరాలు ఇష్టమైతే బయోమెడికల్ లేదా ఎలక్ట్రానిక్స్. ఏఐ తర్వాత కలుపుకోవచ్చు, మొదటి డిగ్రీయే ఈ ఒక్క పనికి కుదించిన కోర్సు చేయించవద్దంటాను. ఒకవేళ చేర్పించాలనుకుంటే ముందు అడగండి: రికార్డింగులు ఎవరివి, జబ్బుందని తేల్చింది న్యూరాలజిస్టేనా? సమాధానం నసిగితే ఫీజు కట్టకండి.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. మీ ఉత్తరంలో అమ్మాయికి లెక్కలిష్టమో, మనుషులతో పని ఇష్టమో ఒక్క ముక్క లేదు. పైగా తమ్ముడి బాధ చూసి పుట్టిన పట్టుదలను పిచ్చి అన్నారు. దయచేసి ఆ మాట ఆమె ముందు అనకండి.

బాబుకు ఇప్పటికీ మాట తడబడుతున్నా, చదివింది నిలవకపోతున్నా ఏ యాప్ కోసమూ ఆగకుండా న్యూరాలజిస్టుకు, స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. అమ్మాయిని కూడా వెంట తీసుకెళ్లండి, ఆ పని దగ్గర నుంచి చూస్తుంది.