హీబ్రూ ముందా, యిడ్డిష్ ముందా?
యూదు అధ్యయనాల ఎం.ఏ.లో మొదట హీబ్రూ తీసుకోవాలా, తూర్పు యూరప్ యూదుల భాష అయిన యిడ్డిష్ తీసుకోవాలా అని అడిగారు కదా. 1900 ప్రాంతపు తూర్పు యూరప్ కథలే మీకిష్టం అన్నారు కాబట్టి యిడ్డిషే తీసుకోండి, టెన్షన్ వద్దు. లిపి హీబ్రూదే, ఆ శ్రమ ఎక్కడికీ పోదు. పైగా ఇందులో అచ్చులకూ అక్షరాలు రాస్తారు. హీబ్రూ పుస్తకాల్లో చాలావరకు రాయరు.

ఒక్కచోట తడబడతారు. హీబ్రూ నుంచి వచ్చిన మాటలు సాధారణంగా పాత స్పెల్లింగ్‌తోనే ఉంటాయి. షిన్, బేత్, తావ్ అనే మూడక్షరాలనే హీబ్రూలో ‘షబ్బాత్’ (యూదుల వారాంతపు విశ్రాంతి దినం) అనీ యిడ్డిష్‌లో ‘షాబెస్’ అనీ చదవాలి. ఇలాంటివి కనబడినప్పుడల్లా నోట్‌బుక్‌లో రాసుకోండి, నెలలో అలవాటైపోతాయి.

పుస్తకాలకు బెంగ లేదు. అమెరికాలో ఆమ్‌హర్స్ట్‌లో ఉన్న, 1980లో మొదలైన యిడ్డిష్ బుక్ సెంటర్ వేల పుస్తకాలు స్కాన్ చేసి ఉచితంగా పెట్టింది. హీబ్రూ రెండో ఏడాది మొదలుపెట్టండి, మానెయ్యొద్దు మాత్రం.